శిలువలా, మనుషులా? గోదావరి లోయ రాతి సమాధులపై ఒక విమర్శ

గోదావరి భద్రాచలం చేరకముందు కుడి ఒడ్డున పినపాక, మణుగూరు అడవులను ఒరుసుకొంటూ ప్రవహిస్తుంది. ఒకప్పటి ఖమ్మం జిల్లాకు ఇది అడవి సరిహద్దు. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగిన పిమ్మట ఇది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరినది. ఈ అడవులలో జానంపేట పరిసరాలకు పోయి చూచినచో, నేలలో నిలువుగా పాతిన రాతిపలకలు, వాటిమీద మూతవలె కప్పిన పెద్ద బండలు కనబడతవి. కొన్నింటి లోపల ఒకే రాతిని తొలిచి చేసిన తొట్టి ఉంటుంది. చూచుటకు పశువులకు కుడితి పోసే తొట్టివలెనే ఉన్నను అది చనిపోయిన మనిషి ఎముకలను భద్రపరచిన పెట్టె. కొన్ని సమాధులలో ఒక పలకకు గుండ్రని రంధ్రం ఉండుట కూడ కద్దు.

ఊరివారు వీటిని రాకాసి గుళ్ళు అంటారు. అంతటి బండలను మామూలు మనుషులు ఎత్తలేరు గనుక రాక్షసులే ఎత్తి ఉంటారని వారి ఊహ. కొన్నిచోట్ల పాండవుల పేరు చెబుతారు. పండితుల భాషలో ఇవి బృహచ్ఛిలా సమాధులు. అనగా పెద్ద రాళ్ళతో కట్టిన సమాధులు. దక్షిణ భారతదేశంలో ఇనుము వాడుకలోనికి వచ్చిన యుగమునకు చెందినవి.

ఈ సమాధులను గూర్చి చదువుకున్నవారి ఊహ కూడ ఒకటి ఉన్నది. అది ఊరివారి ఊహకంటె విచిత్రమైనది, అచ్చుపడినది, ప్రపంచమంతటా చదువబడినది. ఈ సమాధులను కట్టినవారు క్రైస్తవులని ఒక ప్రసిద్ధ గ్రంథం అంగీకరించినది. ఆ వాదనను నేడు తిరిగి పరీక్షించుట అవసరం. ఎందుకనగా ఆ నిర్ణయం ఏనాడో వీగిపోయినను, దానికి దారితీసిన ఆలోచనావిధానం మాత్రం నేటికీ బ్రతికియే ఉన్నది.

గ్రంథము, దాని వాదన

1868లో ములరాన్ అనే సర్వే అధికారి నిజాం రాజ్యంలోని గోదావరి తీరపు సమాధులను గూర్చి బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ వారికి ఒక నివేదిక పంపాడు. కాటాపూర్, మల్లూరు ప్రాంతాలలో (ఇవి నేటి ములుగు జిల్లాలోనివి) సమాధుల సమీపమున నిలువెత్తు రాతి శిలువలు ఉన్నవని అందులో వ్రాశాడు. శిలువలు, సమాధులు పక్కపక్కన ఉన్నవి గనుక ఇక్కడ పూడ్చబడినవారు క్రైస్తవులేనని ఆయన తేల్చాడు.

నాలుగేండ్ల తరువాత, 1872లో, జేమ్స్ ఫెర్గూసన్ లండనులో ఒక పెద్ద గ్రంథం ప్రచురించాడు. దాని పేరు ‘రూడ్ స్టోన్ మాన్యుమెంట్స్ ఇన్ ఆల్ కంట్రీస్’. అన్ని దేశాలలోని మోటు రాతి కట్టడాలు అని అర్థం. ఫెర్గూసన్ భారతదేశంలో నీలిమందు వ్యాపారం చేసి, తరువాత ఇక్కడి ఆలయాల వాస్తును గూర్చి ప్రామాణిక గ్రంథాలు వ్రాసినవాడు. అట్టివాడు ములరాన్ చెప్పిన శిలువలను తన గ్రంథంలో చేర్చి, వాటిని క్రైస్తవ చిహ్నాలుగానే అంగీకరించాడు.

ఇందులో ఆయనకు ఒక ప్రయోజనం ఉన్నది. యూరపులోని పెద్దరాతి కట్టడాలు అతి ప్రాచీనములు కావనీ, ఇంగ్లండులోని స్టోన్‌హెంజ్ కూడ రోమనులు ఆ దేశాన్ని విడిచిన తరువాతనే కట్టబడినదనీ ఆయన సిద్ధాంతం. గోదావరి లోయలోని సమాధులు క్రీస్తు శకానివని తేలినచో ఆ సిద్ధాంతానికి ఒక సాక్ష్యం లభించును. కావలసిన సాక్ష్యం చేతికి అందినప్పుడు దానిని గట్టిగా నిలదీసి అడుగుట ఎవరికైనను కష్టమే.

ఫెర్గూసన్ చేసిన మేలు

విమర్శ అనగా తప్పులెన్నుట మాత్రమే కాదు. ఈ గ్రంథానికి దక్కవలసిన గౌరవం దక్కవలెను. ఆ రోజులలో యూరపు పండితులు తమ దేశాలలోని రాళ్ళనే చూచుకొనుచుండగా, ఫెర్గూసన్ ఇంగ్లండు, ఫ్రాన్సు, అల్జీరియా, భారతదేశం – వీటి కట్టడాలన్నింటిని ఒకే గ్రంథంలో పక్కపక్కన పెట్టాడు. మోటురాయి కనబడినంత మాత్రాన దానిని కట్టినవారు లోహం ఎరుగని అనాగరికులు అనుకొనరాదని గట్టిగా చెప్పాడు. భారతదేశం విషయంలో ఈ మాట అక్షరాల నిజం. 1850లలో మెడోస్ టేలర్ షోరాపూర్ ప్రాంతపు సమాధులను త్రవ్వించినప్పుడు వాటిలో ఇనుప పనిముట్లు లభించినవి. దక్షిణ భారతపు పెద్దరాతి సమాధులు లోహయుగానివేనని తరువాతి త్రవ్వకాలన్నియు రుజువు చేసినవి.

కనుక ఫెర్గూసన్ తెలివితక్కువవాడు కాడు. అంతటి విద్వాంసుడు ఎక్కడ దారి తప్పాడన్నదే ఇక్కడ ఆలోచింపదగినది. లోపాలు రెండు.

మొదటి లోపం: పక్కన ఉండుట

పక్కపక్కన ఉన్న రెండు వస్తువులు ఒకే కాలానివి, ఒకే చేతి పని అని చెప్పుటకు వీలులేదు. పాత కోటగోడ పక్కన కరెంటు స్తంభం ఉన్నది. వెయ్యేండ్ల తరువాత వచ్చిన ఒక పండితుడు ఆ రెండింటిని చూచి, కోట కట్టిన రాజుకు విద్యుచ్ఛక్తి తెలుసునని వ్రాసినచో ఎట్లుండును? సమాధి చెంత శిలువ ఉన్నదన్నప్పుడు కూడ ఇదే జాగ్రత్త అవసరం. సమాధి నేలమట్టం, శిల్పం నాటిన గుంత నేలమట్టం ఒకటేనా, రెండింటి అడుగున ఒకే పొర మట్టి ఉన్నదా, రాతిని చెక్కిన పద్ధతి ఒకటేనా – ఇవి అడుగవలసిన ప్రశ్నలు. ములరాన్ సర్వే అధికారి. కొలతలు తీయుట ఆయన పని. ఫెర్గూసన్ వేల మైళ్ళ దూరమున కూర్చుండి ఆ నివేదికను చదివినవాడు.

ఈ ప్రాంతాన్ని పురావస్తు దృష్టితో పరిశీలించుట తరువాత క్రమముగా జరిగినది. 1917–18లో వేక్‌ఫీల్డ్ అనే అధికారి గోదావరి లోయలోని ప్రాచీనావశేషాలను గూర్చి హైదరాబాదు పురావస్తు సంఘం పత్రికలో వ్రాశాడు. జానంపేట సమీపమున జరిపిన ప్రాథమిక త్రవ్వకాలను గూర్చి ఖ్వాజా మహమ్మద్ అహ్మద్ రచించిన నివేదికను 1950లో హైదరాబాదు పురావస్తు శాఖ ప్రచురించినది. ఊహ వెనుకబడి గడ్డపార ముందుకు వచ్చిన తరువాతనే ఈ సమాధుల అసలు చరిత్ర మొదలైనది.

రెండవ లోపం: ఆకారము

కాగితంపై నిలువుగా ఒక గీత, అడ్డముగా ఒక గీత గీసినచో అది శిలువ. ఆ నిలువుగీత కొనను కొంచెం గుండ్రని చేసినచో? అది తల. అడ్డగీత చాచిన చేతులు. పలుచని రాతిపలకలో మనిషిని చెక్కదలచిన శిల్పికి ఇంతకంటె సులువైన దారి లేదు. బడిలో చిన్నపిల్లలు గీసే మనిషి బొమ్మ కూడ ఇదే కదా!

తరువాతి పరిశీలకులు గోదావరి లోయలో తొట్టిగుట్ట మొదలైన చోట్ల ఇట్టి శిల్పాలను దగ్గరగా చూచారు. కొన్నింటిపై స్తనములు స్పష్టముగా చెక్కబడి ఉన్నవి. మెడలో హారాలు ఉన్నవి. శిలువకు స్తనములు ఉండవు, హారములు ఉండవు. ఇవి స్త్రీమూర్తులు. ఇటీవలి కాలంలో హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆచార్యులు కె.పి. రావు గుండాల మండలం దొంగతోగు వద్ద కూడ సమాధుల చెంత మనిషి ఆకారపు శిల్పాలను గుర్తించారు. తొట్టిగుట్ట అన్న పేరులోనే ‘తొట్టి’ ఉన్నది. ఆ ఊరి తెలుగువారు రాయి ఆకారాన్ని చూచినప్పుడు తమకు తెలిసిన తొట్టిని చూచారు. ములరాన్ తనకు తెలిసిన శిలువను చూచాడు.

ఇట్టి శిల్పాలు ఇతర చోట్ల కూడ ఉన్నవి. తమిళనాడులోని మోట్టూరులో పెద్దరాతి సమాధుల నడుమ భుజాలు వెడల్పుగా చెక్కిన ఒక పెద్ద మనిషి పలక నిలిచి ఉన్నది. దక్షిణ ఫ్రాన్సులో నిలువురాళ్ళమీద ముఖము, చేతులు, హారము చెక్కిన మూర్తులు అనేకం లభించినవి. అవి క్రీస్తుకు రెండు మూడు వేల సంవత్సరాల పూర్వపువి. ఒకరినొకరు చూచుకొనక పోయినను, ఒకే అవసరం, ఒకే రకం పలకరాయి ఒకే రకపు బొమ్మను పుట్టించగలవు.

కాలము లెక్క కూడ ఫెర్గూసనుకు అనుకూలముగా లేదు. క్రైస్తవులు శిలువను బహిరంగ చిహ్నముగా వాడుట రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ కాలము, అనగా క్రీ.శ. 4వ శతాబ్ది, తరువాతనే వ్యాపించినది. దక్షిణ భారతపు పెద్దరాతి సమాధుల కాలం క్రీస్తుకు వెయ్యేండ్లకు పూర్వమే ఆరంభమై, క్రీస్తు శకపు తొలి శతాబ్దులతో ముగియుచున్నది.

అడుగవలసిన సాక్షి రాయి

ఆకారము మనస్సును తేలికగా మోసగించును. పదార్థము అంత తేలికగా మోసగించదు. ఈ సంగతి నేర్పగలవాడు ఆనాడు ఈ అడవులలోనే ఉన్నాడు. ఫెర్గూసన్ గ్రంథము వెలువడుటకు ఒక ఏడాది ముందు, 1871లో, భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు సమీపమున బొగ్గును కనుగొన్నాడు. సింగరేణి గనులకు అదే నాంది. కింగ్ రాళ్ళ ఆకారాన్ని చూచి ఊహించలేదు. ఏ పొరమీద ఏ పొర ఉన్నది, రేణువు ఏది, దానిని పట్టి ఉంచిన పదార్థం ఏది అని అడిగాడు. అట్లు అడిగినందువలన నేల లోపల కనబడని బొగ్గు కూడ తెలిసివచ్చినది. అదే ప్రశ్నలు సమాధుల రాళ్ళను అడిగినచో ఏమి తెలియును?

జానంపేట ప్రాంతపు సమాధులు ఇసుకరాతితో కట్టినవి. ఈ ఇసుకరాయి గోండ్వానా శిలాసమూహానికి చెందినది. బొగ్గు పొరలను పుట్టించిన సమూహమే ఇది. ఇరవై ముప్పై కోట్ల సంవత్సరాల క్రితం నదులు తెచ్చి వేసిన ఇసుక పొరలు పొరలుగా పేరుకొని, సిలికా, బంకమట్టి, ఇనుప ఆక్సైడు జిగురువలె పనిచేసి బిగుసుకొన్నది. ఎరుపు, గోధుమ రంగులు ఇనుప ఆక్సైడు వలన వచ్చినవి.

ఈ రాతికి రెండు గుణాలు ఉన్నవి. ఒకటి, ఇది పొరల వెంట చీలుతుంది. పొర అంచున వరుసగా మేకులు దిగగొట్టినచో విశాలమైన పలక లేచి వస్తుంది. రెండు, రేణువు గట్టి స్ఫటికమే అయినను జిగురు మెత్తనిది. కనుక ఉలికి లొంగుతుంది. పశ్చిమాన వరంగల్, హైదరాబాదు ప్రాంతపు గ్రానైటు ఇట్లు కాదు. దానికి పొరలు లేవు. స్ఫటికాలు ఒకదానిలో ఒకటి బిగిసి ఉంటవి. దానిని నిప్పుతో కాల్చి, పగుళ్ళు పట్టించి, బండలుగా విడదీయవచ్చును గాని తొట్టిగా తొలుచుట మహాకష్టం.

గోదావరి లోయలోని సమాధులకు ఒకే రాతి తొట్టి, గుండ్రని రంధ్రం, మనిషి పలక ఉండుటకు ఈ రాయి ముఖ్యకారణం. ఇక్కడివారు పరాయి దేశం నుండి కొత్త మతమును, కొత్త చిహ్నమును తెచ్చుకొనవలసిన అవసరం లేదు. తమ కాళ్ళక్రింద ఉన్న రాయి దేనికి లొంగునో దానిని వారు చేశారు.

బరువు తూచి చూచినచో

రాక్షసుల సంగతి కూడ ఇట్లే తేల్చవచ్చును. హైస్కూలు విద్యార్థికి తెలిసిన లెక్క చాలును.

4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల మందం గల మూతబండను తీసుకొందము. దాని ఘనపరిమాణం 4.8 ఘనపు మీటర్లు. ఇసుకరాయి ఘనపు మీటరుకు సుమారు 2.3 టన్నుల బరువు ఉంటుంది. కనుక బండ బరువు సుమారు 11 టన్నులు. దీనిని గట్టినేలపై ఈడ్చుటకు బరువులో సగం బలం కావలెననుకొన్నచో 5.5 టన్నులు. ఒక మనిషి నిలకడగా 25 కిలోల బలముతో లాగగలడనుకొన్నచో 220 మంది కావలెను. కాని గుండ్రని దుంగలు క్రింద వేసినచో ఘర్షణ బరువులో పదవవంతుకు దిగుతుంది. అప్పుడు 1.1 టన్నుల బలం చాలును. 44 మంది చాలుదురు. ఈ అడవిలో దుంగలకు కొదువ లేదు.

ఎత్తుటకు తులాదండం ఉన్నది. నాలుగు మీటర్ల దుంగను బండ క్రింద దూర్చి, కొనకు 40 సెంటీమీటర్ల దూరమున ఆధారపు రాయి పెట్టినచో, ఒక మనిషి పైనుండి ఒత్తిన బలం తొమ్మిది రెట్లు అగును. అతడు 50 కిలోల బలముతో ఒత్తినచో 450 కిలోలు లేచును. బండ ఒక అంచును ఎత్తుటకు సగం బరువు, అనగా 5.5 టన్నులు ఎత్తవలెను. దానికి పదమూడుమంది చాలుదురు. అంచు రెండంగుళాలు లేవగానే రాళ్ళు పేర్చి, రెండవ అంచును ఎత్తి, మరల పేర్చుకొంటూ పోవచ్చును. రాక్షసులు అక్కరలేదు; రెండు గూడేల జనం, వారికి కొన్నాళ్ళు పెట్టుటకు తిండి, పని చెప్పగల ఒక పెద్ద చాలును. ఆ తిండి, ఆ కట్టుబాటు ఎట్లు సమకూడినవన్నదే అసలు ప్రశ్న. సమాజమును గూర్చిన ఈ ప్రశ్నను రాక్షసుల కథ మూసివేస్తుంది, లెక్క తెరుస్తుంది.

ఇంతకంటె బరువైనవి కూడ మన నేలలో ఉన్నవి. సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 2017లో తెలంగాణ పురావస్తు శాఖ ఒక సమాధిని త్రవ్వినప్పుడు 40 టన్నులకు పైబడిన మూతబండను క్రేనుతో ఎత్తవలసి వచ్చినది. దానిని తొలుత అక్కడ ఉంచినవారికి క్రేను లేదు.

బండ విరుగకుండ ఎట్లు నిలిచినదన్నది మరొక లెక్క. రెండు గోడల నడుమ దూరం 2.5 మీటర్లు, బండ మందం 40 సెంటీమీటర్లు అయినచో, స్వంత బరువు వలన దాని అడుగుభాగమున కలుగు లాగుడు చదరపు సెంటీమీటరుకు సుమారు 2.7 కిలోలు. మంచి ఇసుకరాయి దీనికి అనేక రెట్లు భరించును. అయితే గోడల దూరం రెండింతలైనచో ఈ లాగుడు నాలుగింతలగును. మందం సగమైనచో రెండింతలగును. పొరలో ఎక్కడనో ఒక పగులు ఉండినచో బండ విరుగును. కట్టినవారికి ఈ సూత్రం కాగితంపై తెలియదు. విరిగిన బండలు వారికి దానిని నేర్పి ఉండును. మందమైన బండను, తక్కువ దూరాన్ని ఎన్నుకొనుట ఆ అనుభవఫలమే.

రాతి వెనుక ఇనుము, ఇనుము వెనుక అడవి

రాయి తానుగా తొట్టి కాదు. స్ఫటికపు రేణువులు గల రాతిని తొలుచుచున్నప్పుడు రాగి ఉలి మొన కొద్ది దెబ్బలకే మొద్దుబారును. గట్టిపరచిన ఇనుప ఉలి కావలెను. అదియు మాటిమాటికి కొలిమికి పోయి మొన తీర్చుకొని రావలెను. కనుక ప్రతి తొట్టి వెనుక ఒక కొలిమి ఉన్నదని చెప్పవచ్చును.

ఇనుము కరుగుటకు 1538 సెంటీగ్రేడు డిగ్రీల వేడి కావలెను. ఆనాటి మట్టికొలిమిలో అంత వేడి పుట్టదు. 1100–1200 డిగ్రీలు చాలును. ఆ వేడిలో బొగ్గు నుండి పుట్టిన కార్బన్ మోనాక్సైడు ఖనిజంలోని ఆక్సిజనును లాగివేయును. ఇనుము కరగకుండనే స్పంజివంటి ముద్దగా మిగులును. దానిని ఎర్రగా ఉండగనే సుత్తితో కొట్టి చిట్టెమును వెడలగొట్టవలెను. ఆ పిమ్మట బొగ్గులో ఎక్కువసేపు కాల్చినచో పైపొర కార్బనును పీల్చుకొని ఉక్కుగా మారును. ఉలి మొనకు కావలసినది ఇదే.

దీనికి కావలసిన వస్తువులన్నియు ఈ ప్రాంతమున ఉన్నవి. ఇనుప ఖనిజానికి బయ్యారం ప్రసిద్ధి. కొలిమి బొగ్గుకు అడవి ఉన్నది. నేలలో రాక్షసి బొగ్గు ఉన్నను ఆనాటి కమ్మరికి అది అక్కరలేదు, కట్టెబొగ్గే శుద్ధమైనది. ఈ విధముగా ఒక సమాధిలో ఒక ప్రదేశపు సంపద అంతయు ఇమిడి ఉన్నది: నేల ఇచ్చిన రాయి, కొండ ఇచ్చిన ఖనిజం, అడవి ఇచ్చిన బొగ్గు, దుంగలు, వీటినన్నింటిని ఒక పనికి కూర్చిన మనుషులు. ఆకారమును మాత్రమే చూచినవానికి ఇది ఏదియు కనబడదు.

కాలమును చెప్పునది ఏది?

స్టోన్‌హెంజ్ విషయంలో ఫెర్గూసన్ సిద్ధాంతం ఏమైనదో చూచినచో పదార్థం విలువ మరింత స్పష్టమగును. 1949లో విల్లర్డ్ లిబ్బీ రేడియో కార్బన్ పద్ధతిని కనుగొన్నాడు. ఆ పద్ధతి ప్రకారం అక్కడి పెద్దరాళ్ళు క్రీ.పూ. 2500 ప్రాంతమున నిలుపబడినవి. ఫెర్గూసన్ అంచనా మూడువేల ఏండ్లు తప్పినది. రాళ్ళు ఎక్కడివో కూడ తెలిసినది. పెద్దరాళ్ళలో అధికభాగం 25 కిలోమీటర్ల దూరపు వెస్ట్ వుడ్స్ నుండి వచ్చినవని 2020లో వాటి రసాయనిక నిర్మాణం చెప్పినది. నడుమనున్న బలిపీఠపు రాయి ఈశాన్య స్కాట్లండు నుండి వచ్చినదని 2024లో దాని ఖనిజ రేణువుల వయస్సు చెప్పినది.

గోదావరి లోయలో రేడియో కార్బన్ పద్ధతికి ఒక చిక్కు ఉన్నది. వర్షం అధికం, ఇసుకరాతి నేలలో సున్నం తక్కువ. ఇట్టి ఆమ్లపు నేలలో ఎముక క్రమముగా కరిగిపోవును. కాని రాతిలోని స్ఫటికమే గడియారముగా పనిచేయగలదు. నేలలోని యురేనియం, థోరియం, పొటాషియం నుండి వెలువడు కిరణాలు స్ఫటికపు రేణువులో కొద్దికొద్దిగా శక్తిని నిలువజేయును. సూర్యకాంతి తగిలినచో ఆ నిలువ ఖాళీ అగును. పలకను కోసి ఎండలో ఉంచి, తరువాత నేలలో పాతినచో, పాతిన క్షణమునుండి నిలువ మరల మొదలగును. చీకటి గదిలో ఆ రేణువులపై కాంతి ప్రసరింపజేసి, అవి వెలువరించు వెలుగును కొలిచి, ఎన్ని ఏండ్లు చీకటిలో ఉన్నవో లెక్కకట్టవచ్చును. అంటే, పలక అడుగుభాగం ఎవరు కదపకుండ ఉన్నంతవరకే అది కాలమును చెప్పగలదు. ఒకసారి పెకలించి ఎండలో పడవేసినచో ఆ గడియారం చెరిగిపోవును. దానిని మరల తిప్పుట ఎవరి తరము కాదు.

అదే తప్పు, కొత్త వేషము

ఫెర్గూసన్ కాలం పోయినది. కాని ఆయన పద్ధతి పోలేదు. 1968లో ఎరిక్ వాన్ డేనికెన్ ప్రాచీన కట్టడాలను ఆకాశమునుండి దిగివచ్చిన జీవులకు అంటగట్టి ఒక గ్రంథం వ్రాశాడు. అది లక్షలాదిగా అమ్ముడుపోయినది. నేడు చేతిలోని ఫోనులో ఇట్టి కథలకు అంతు లేదు. ఒక బండను చూపి ఇది మనుషులకు సాధ్యమా అని అడుగుదురు. బండ బరువు ఎంతో మాత్రం చెప్పరు.

రాక్షసులు, పరదేశపు క్రైస్తవులు, ఆకాశవాసులు – ఈ మూడు కథలు మూడు కాలాలవి. మూడింటి ఫలితము ఒకటే. ఈ లోయలో బ్రతికి, ఇనుము కాచి, రాయి కోసి, తమవారిని పూడ్చుకొన్న మనుషులకు వారి పని దక్కకుండ పోవుచున్నది. అయితే ఊరివారి రాకాసి కథకు, పండితుని కథకు ఒక భేదం ఉన్నది. రాకాసి గుడి అన్న భయము వలన అనేకచోట్ల ఆ రాళ్ళను ఎవరు ముట్టలేదు. పండితుని తప్పునకు అట్టి సుగుణం కూడ లేదు. ఎవరివో తెలియని సమాధులు ఎవరికి అక్కరలేనివిగా మారును.

చనిపోయినవారికై రాయి నిలుపుట ఈ అడవులకు కొత్త కాదు. గోదావరికి ఆవల బస్తరులో మాడియా గోండులు చనిపోయినవారి జ్ఞాపకార్థం నిలువురాళ్ళు నాటుట ప్రసిద్ధము. నేటి తెగలే ఆనాటి సమాధులను కట్టినవని దీనివలన తేలదు; అట్లు అనుకొన్నచో అది కూడ ఫెర్గూసన్ చేసిన తప్పే అగును. కాని దుఃఖములో ఉన్న మనిషి రాతిని వెదకికొని, మోసుకొని వచ్చి నిలుపగలడని తెలుసుకొనుటకు ఇది చాలును.

పోవుచున్నది ఏమిటి?

నిధి ఉన్నదని తొట్టెలను పగులగొట్టువారు ఉన్నారు. పలకరాయి గనుక గట్టుకు, పునాదికి పనికివచ్చునని తీసికొనిపోవువారు ఉన్నారు. నీరు మరొకటి. 2014లో ఖమ్మం జిల్లా నుండి ఆంధ్రప్రదేశ్‌లో చేరిన వేలేరుపాడు, కుక్కునూరు మండలాలు పోలవరం ముంపు ప్రాంతమున ఉన్నవి. అక్కడ రుద్రమ్మకోటలో పెద్దరాతి యుగపు సమాధులను పురావస్తు శాఖ వారు ముంపునకు ముందే త్రవ్వి చూడవలసి వచ్చినది. నీరు వచ్చిన తరువాత ప్రశ్న అడుగుటకు వీలుండదు.

ప్రాచీన కట్టడాల రక్షణకు 1958 నాటి చట్టమున్నది. కాని అడవిలో ప్రతి సమాధి వద్ద కావలి నిలుపుట చట్టానికి సాధ్యము కాదు. దగ్గరలోని పాఠశాలకు కొంత సాధ్యము. ఉపాధ్యాయుడు ఒక తరగతిని వెంటబెట్టుకొని పోయి, ఏ రాతిని కదపక, ఏ మట్టిని త్రవ్వక చేయదగిన పని చాలా ఉన్నది. టేపుతో పలక పొడవు, వెడల్పు, మందం కొలువవచ్చును. సమాధి ముఖము ఏ దిక్కునకు ఉన్నదో దిక్సూచితో చూడవచ్చును. పొరలు ఏ వైపు వాలి ఉన్నవి, ఉలి గుర్తులు ఉన్నవా, సమీపమున అదే రంగు, అదే రేణువు గల రాతి పడక ఉన్నదా అని చూచి పటము గీయవచ్చును. విద్యార్థులు తరగతికి తిరిగివచ్చి బరువు లెక్కకట్టవచ్చును. ఎంతమంది లాగి ఉందురో తేల్చవచ్చును. మరుసటి ఏడాది అదే పటముతో పోయి, ఏ రాయి ఉన్నది, ఏది లేదు అని సరిచూడవచ్చును. లేని రాయి ఉన్నచో ఆ పటమే పురావస్తు శాఖకు పంపదగిన సాక్ష్యము.

ములరాన్ 1868లో కొలత తీసి వచ్చాడు గాని, దాని వెనుకనే తీర్పు కూడ వ్రాసివేశాడు. పదవ తరగతి విద్యార్థి నోటుపుస్తకంలో ముందు కొలత ఉండవలెను, తరువాత లెక్క ఉండవలెను. తీర్పు వ్రాయవలసిన చోటు కొంతకాలం ఖాళీగా ఉన్నను నష్టము లేదు.